ఎడమ వైపు వెనక తలుపు

శైలేందర్ అల్మాస్‌గూడలో తన కిరాయి ఇంటి పక్కనున్న రేకుల షెడ్డుకు 'శ్రీ కార్ డిటెయిలింగ్' అని బోర్డు పెట్టించిన మొదటి వారంలో ముగ్గురు వచ్చారు. ముగ్గురిలో ఒక్కరికీ కారు లేదు. వెనక గల్లీ అండాలమ్మ ఆధార్ కార్డు పట్టుకొచ్చి, పింఛను కాగితాల్లో పేరు తప్పు పడిందనీ, డిటెయిల్స్ సరిచేసి పెట్టమనీ అడిగింది. రెండో మనిషి, ఏ కారు ఎంతకు దొరుకుతుందో డిటెయిల్స్ కావాలన్నాడు. మూడో ఆయన తన స్కూటీని గుద్దిపోయిన కారు నంబరు చీటీ మీద రాసుకొచ్చి, దాని ఓనరు ఇల్లెక్కడో చెప్పమన్నాడు.

"గీ పేరు మార్సు నువ్వు," అంది భార్య వాణి. "ఇక్కడ కార్లు కడుగబడును అని రాయి. అందరికి సమజైతది."

"కడుగుడు కాదే ఇది. కడుగుడు ఎవడైనా కడుగుతడు. ఇది డిటెయిలింగ్."

"అంటే?"

"అంటే... మంచిగ కడుగుడు."

అంతకన్నా వివరంగా చెప్పడం అతనికీ వచ్చేది కాదు. నిజానికి ఆ ఆలోచన అతనిది కాదు, బావది. శైలేందర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా రక్తం తీసే పని చేస్తాడు. అతను సూది గుచ్చితే చీమ కుట్టినంత కూడా తెలియదని పేరు. ముసలివాళ్లు అతను డ్యూటీలో ఉన్నాడో లేదో కనుక్కుని మరీ వస్తారు. అక్క అఖిల భర్త యోగేందర్‌కు ఎల్‌బీ నగర్ చౌరస్తాకు కాస్త ఇవతల పాత కార్లు అమ్మే జాగా ఉంది. ఒకరోజు బావ అతని చేతులు పట్టుకుని తిప్పి చూసి, "నీ చెయ్యి మెత్తగుంటది శైలూ. మనుషులకు సూదులు గుచ్చుకుంట ఎన్నేండ్లుంటవ్? కార్లు మెరిపియ్యి. గిరాకీలను నేను పంపిస్త," అన్నాడు. శైలేందర్ ఫోన్లో ఐదు రోజుల క్లాసు చూశాడు. పాలిష్ మిషను, స్పాంజి ప్యాడ్లు, డబ్బాల్లో రకరకాల ముద్దలు కొన్నాడు. మధ్యాహ్నాలూ ఆదివారాలూ షెడ్డులో గడిపాడు. ఆరునెలలు తిరిగేసరికి బావ పంపిన కార్లే కాక, వాటిని చూసి వచ్చిన కార్లు కూడా ఉన్నాయి.

అలా బావ పంపగా వచ్చిందే భానుమూర్తి గారి తెల్ల కారు.

భానుమూర్తి గారిది తెనాలి దగ్గర ఊరు. కొత్తపేటకు వచ్చి పాతికేళ్లయింది. ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. ఏడాదిన్నర కిందట ఈ కారును యోగేందర్ దగ్గరే కొన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే భార్య సంధ్యారాణిని పక్కన కూర్చోబెట్టుకుని తనే నడుపుకుంటూ వచ్చాడు. దిగీ దిగగానే బానెట్ మీద వేలితో గీసి, వేలు చూసుకున్నాడు.

"చూడు బాబూ, మా బోరు నీళ్లకి ఒళ్లంతా మచ్చలు పడిపోయింది. నేను ముప్పై మూడేళ్లు కాంట్రాక్టర్ల పని కొలిచినవాణ్ణి. సిమెంటు పూత మందం ఒక్క సూతు తగ్గినా పట్టేసేవాణ్ణి. నువ్వు కాంట్రాక్టరువనుకో, నేను సైటింజినీర్ని. అర్థమైందిగా?"

"అయింది సార్. సాయంత్రం ఐదింటికల్లా అద్దం లెక్క చేసిస్త."

"ఏవండీ," అంది సంధ్యారాణి కారు దిగకుండానే. "ఊరికే కడిగించుకుంటే చాలదూ? ఈ పాలిష్‌లూ అవీ ఎందుకండీ? ఉన్న రంగు కాస్తా పోతుంది."

"నీకు తెలియదు, నువ్వుండు," అన్నాడాయన.

సంధ్యారాణి దిగి, ఆటో దొరికేదాకా వాణితో మాట్లాడింది. ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ఆటో మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి కారు వంకే చూడటం శైలేందర్ గమనించాడు. కొందరికి బండి మీద ప్రాణం అనుకున్నాడు.

నురుగు కొట్టి కడిగాడు. ఆరబెట్టాడు. అంచులకు టేపు అంటించాడు. బానెట్, టాపు, కుడి వైపు రెండు తలుపులు అయ్యేసరికి పన్నెండు దాటింది. మచ్చలు పోయి తెలుపు పాలమీగడలా తేలింది. వాణి వంటింటి కిటికీలోంచి చూసి, "మంచిగైంది," అంది. ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి కావడంతో శైలేందర్‌కు హుషారెక్కింది.

ఎడమ వైపు వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. తెల్ల కార్లను రుద్దితే ప్యాడ్‌కు కాస్త తెలుపు అంటడం మామూలే. కానీ ఈ తలుపు మీద మిషను పెట్టిన రెండు నిమిషాలకే ప్యాడ్ సున్నం పూసినట్టయింది. తుడిచి మళ్లీ పెట్టాడు. హ్యాండిల్ కింద, ఆకుపసరు పడినట్టు చిన్న మరక కనబడింది. చెట్టు ఏదైనా రాల్చిందేమో అనుకుని ఇంకొంచెం రుద్దాడు. మరక పోలేదు, పెరిగింది. ఐదు రూపాయల బిళ్లంత అయింది. నిగనిగలాడే తమలపాకు ఆకుపచ్చ.

మిషను ఆపాడు.

రక్తం తీసేటప్పుడు నరం తప్పితే అతనికి అదే క్షణంలో తెలిసిపోతుంది. తప్పు తనదో, నరానిదో కూడా తెలుస్తుంది. ఇక్కడ ఏం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో అంతుపట్టలేదు. వాణిని కేకేశాడు. ఆమె పిండి చేతులతో వచ్చి, వంగి చూసింది.

"తెల్ల కారు లోపట ఆకుపచ్చ ఎందుకుంటది?"

"గదే నాకు సమజైతలేదు."

"అన్ని తెల్ల కార్ల కింద గిట్లనే ఉంటదా?"

ఉండదని అతనికి తెలుసు. అయినా ఆమె అంత సూటిగా అడిగేసరికి అనుమానం వచ్చింది. ఫోన్ తీసి క్లాసు వీడియో మళ్లీ చూశాడు. రంగు కింద బూడిదరంగు పూత ఉంటుందన్నారు గానీ ఆకుపచ్చ మాట ఎక్కడా లేదు. క్లాసు చెప్పినాయనకే ఫోన్ చేశాడు.

"ముందు మీటర్ పెట్టి రంగు మందం చూశారా సార్?" అన్నాడాయన.

"నా దగ్గర మీటర్ లేదు సార్."

"అయితే మీదే మిస్టేక్ సార్," అని పెట్టేశాడు.

బావకు చేశాడు. వెనక హారన్ల మోత మధ్య యోగేందర్ గొంతు వినబడింది. "నువ్వు ఎక్కువ రుద్దినవ్. గంతే."

"రుద్దితే రంగు పోతది. గని ఆకుపచ్చ యాడికెల్లి ఒస్తది బావా?"

"నాకేం తెల్సు? కంపెనీవోడు ఏం పూసిండో ఏమో! ఏదన్న తెల్లది పూసి సర్దెయ్యి."

అదే కాలనీలో బక్కయ్య అనే పెద్దాయన ఉన్నాడు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బండ్లకు రంగులేస్తాడు. శైలేందర్ పోయి బతిమాలితే అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ తలుపు తీసి, అంచు వెంబడి ఉన్న రబ్బరు పట్టీని గోటితో లేపి, శైలేందర్‌ను చూడమన్నాడు. పట్టీ కింద పొడుగునా ఆకుపచ్చే. బందుల దగ్గర బోల్టులు చూపించాడు. వాటి మీద పానా పట్టిన గీతలున్నాయి.

"ఈ తలుపు ఈ బండితోని పుట్టలే. ఏదో పచ్చ బండిది పట్టుకొచ్చి పెట్టిండ్రు. పైన పలసగ తెలుపు కొట్టిండ్రు. అర్జెంటు పని."

"ఎప్పుడు పెట్టిండ్రంటవ్ కాకా?"

"ఏడాదైందో, రెండేండ్లైందో. రంగు మీద తారీఖు రాసుంటదా?"

"అయితే నా తప్పు లేదు కద?"

బక్కయ్య రబ్బరు పట్టీని మళ్లీ అదిమి పెట్టాడు. "ఉన్నదంటే ఉన్నది. పట్టీ లేపి చూసి మిషను పెడితే గిట్ల కాకపోవు. లేదంటే లేదు. నువ్వు లేని పచ్చను పుట్టియ్యలేవు గద." ఆ మాట అనేసి, చల్లారిపోతున్న అన్నం గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

ఐదింటికి భానుమూర్తి గారు, సంధ్యారాణి వచ్చారు. దాచినకొద్దీ పెరుగుతుందని శైలేందర్ ముందుగానే ఆ తలుపు దగ్గరికి తీసుకుపోయి, బిళ్లంత ఆకుపచ్చనీ, రబ్బరు పట్టీ కింది ఆకుపచ్చనీ చూపించాడు. బక్కయ్య చెప్పింది చెప్పాడు. మీటర్ పెట్టకపోవడం తన పొరపాటేనని కూడా ఒప్పుకున్నాడు.

భానుమూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత మొహం ఎర్రబడింది.

"అంటే మీ బావ నాకు యాక్సిడెంటు బండి అంటగట్టాడన్నమాట. పైగా నీ దగ్గరికి పంపిందీ ఆయనే. బావా బామ్మర్దులు కలిసి భలే ఆడుతున్నారయ్యా నాతో! ఒకడు దాచడం, ఒకడు బయటపెట్టడం. మధ్యలో నేను వెర్రివెంగళప్పని."

"సార్, నేను దాచాలనుకుంటే మీకెందుకు చూపిస్త?"

అది ఆయనకు కూడా న్యాయంగానే తోచినట్టుంది. కానీ కోపం ఎవరిమీదో ఒకరి మీద నిలవాలి కదా. "బుధవారం పొద్దున పదకొండింటికి ఎల్‌బీ నగర్ వస్తాను. కాగితాలన్నీ పట్టుకుని. మీ బావని సమాధానం సిద్ధం చేసుకోమను. లేకపోతే పోలీస్ స్టేషనుకి పోతాను," అని కారెక్కాడు. సంధ్యారాణి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి, భర్త హారన్ కొట్టాక వెళ్లి కూర్చుంది.

శైలేందర్ అప్పటికప్పుడు బైకు తీశాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. బావ అబద్ధమాడతాడా? వ్యాపారంలో ఆడతాడేమో. గిరాకీతో ఆడతాడు, తనతో ఆడతాడా? తెలిసి తెలిసి ఆ కారును తన షెడ్డుకే పంపుతాడా? పంపడు. కానీ తెలియకపోతే మరి తెలుపు పూసి సర్దెయ్యమని ఎందుకన్నాడు? రెండు వైపులా తూగుతున్న త్రాసులా మనసు ఊగుతుంటే ఎల్‌బీ నగర్ వచ్చేసింది. విజయవాడ బస్సుల కోసం నిలబడ్డ జనాన్ని తప్పించుకుని బావ జాగాలోకి దూరాడు. అఖిల అక్కడే ఉంది, భర్తకు చాయ్ తెచ్చినట్టుంది.

"బావా, నిజం చెప్పు. గా కారు అమ్మినప్పుడే తలుపు మార్సి ఉన్నదా?"

యోగేందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏమంటున్నవ్?"

"నీకు తెల్వకుంట ఎట్లుంటది? ఇరవై ఏండ్ల సంది ఇదే పనిల ఉన్నవ్."

"నా బిడ్డ మీద ఒట్టు. నాలుగు తలుపులు తీసి, పట్టీలు లేపి చూసే కొన్న ఆ బండి. గాయనకు అమ్మిననాడు అది ఒరిజినలే."

"మరి ఏడాదిన్నరల దానంతటదే మారిందా?"

"అంటే నేను దొంగను. గదే కద నువ్వంటున్నది?"

"నేను దొంగవనలే బావా..."

"అన్నవ్," అంది అఖిల. "గిప్పుడే అన్నవ్. నీకు మిషను కొనుక్కోమన్నది ఆయన. గిరాకీలను పంపింది ఆయన. నీ చేతిల తప్పైతే ఆయన మీద పెడ్తవా శైలూ? పో. ఇంటికి పో."

అతను ఇంటికి పోయాడు. సోమవారం అక్కకు మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మంగళవారం పొద్దున ఏడున్నరకు డయాగ్నస్టిక్ సెంటర్‌లో టోకెన్ పిలిస్తే, తెర తీసుకుని లోపలికి వచ్చిన మనిషిని చూసి శైలేందర్ సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేశాడు. సంధ్యారాణి. కుర్చీలో కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి జరుపుకుంది.

"షుగర్ పరీక్ష బాబూ. ఏమీ తినకుండానే వచ్చాను. నువ్విక్కడ చేస్తావని మొన్న మీ ఆవిడ చెప్పింది."

"నమస్తే అమ్మా. పిడికిలి మూయుండ్రి."

పట్టీ కట్టాడు. దూదితో తుడిచాడు. సూది దిగింది. గొట్టంలోకి రక్తం ఎర్రగా వస్తుండగా ఆవిడ గోడవైపు చూస్తూ, మామూలు గొంతుతో అంది.

"ఆ తలుపు మార్పించింది నేనే."

"చెయ్యి కదపకుండ్రి అమ్మా," అన్నాడు శైలేందర్. కదిలింది ఆవిడ చెయ్యి కాదు, అతనిదే. గొట్టం నిండాక సూది తీసి, దూది పెట్టి, మోచెయ్యి మడిచి పట్టుకోమన్నాడు. పేరు రాయాల్సిన చీటీ మీద ఏ పేరు రాయాలో క్షణం పాటు తోచలేదు.

ఆవిడ గబగబా చెప్పుకుపోయింది. కారు కొన్న కొత్తలో ఆయనే మూడువారాలు నేర్పించాడు. ఒకరోజు ఫుట్‌పాత్ ఎక్కించేసరికి, ఇక నీవల్ల కాదు అని తాళాలు లాక్కున్నాడు. ఆవిడ మాత్రం ఆయన సాయంత్రం వాకింగుకు పోయే గంటలో ఒక డ్రైవింగ్ స్కూలుకు వెళ్లి, లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆ సంగతి ఇప్పటికీ ఆయనకు తెలియదు. కిందటి ఏప్రిల్‌లో ఆయన చుట్టాల పెళ్లికని నాలుగు రోజులు తెనాలి వెళ్లాడు. మొదటి రోజు పొద్దున్నే ఈవిడ పక్కింటావిడను ఎక్కించుకుని, ఆవకాయకి మామిడికాయలు తెద్దామని బాటసింగారం పళ్ల మార్కెట్ దాకా కారు నడుపుకుంటూ పోయింది.

"హైవే మీద ఎంత బాగా నడిపానో తెలుసా! ఒక్కసారి కూడా ఆగిపోలేదు. మార్కెట్లోనే, నేను ఆపుకున్నాక, బత్తాయిల లారీ వెనక్కొచ్చి తలుపు నొక్కేసింది. నా తప్పే లేదు బాబూ. ఆగున్న కారు. కానీ ఆయనకి చెబితే ఆగున్నా నా తప్పే అవుతుంది. ఆ లారీ అబ్బాయే తనకి తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లాడు. రెండు రోజుల్లో తలుపు బిగించి రంగేసి ఇచ్చారు. లోపల ఏ రంగుందో నేనడగలేదు. బయట తెల్లగా ఉంది, చాలనుకున్నాను."

"సార్ చూసుకోలేదా?"

"పది నెలలయింది. రోజూ తుడుస్తారు కూడా."

తెర బయట ఎవరో తరువాతి టోకెన్ తనదేనని గట్టిగా అంటున్నారు. సంధ్యారాణి లేవలేదు. "ఆయనకి చెప్పకు బాబూ. కానీ మీ బావని అనవసరంగా మాటలంటున్నారాయన. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు నాకు. ఏం చెయ్యమంటావు, నువ్వే చెప్పు."

చెప్పండి అంటే ఆ ఇంట్లో ఏమవుతుందో. వద్దంటే బావ సంగతేమిటి. ఆవిడ తనకు పెద్దది. ఇంతలేసి మాటలు నమ్మి చెప్పుకుంది. అతను చీటీ మీద ఆవిడ పేరు నిదానంగా రాసి, గొట్టానికి అంటించాడు.

"నేనైతే ఎవ్వరికి చెప్పనమ్మా. గని మా అక్క రెండు దినాల సంది నాతోని మాట్లాడ్తలేదు," అన్నాడు.

ఆవిడ అతని వంక ఒకసారి చూసి, దూది ముక్క బుట్టలో వేసి వెళ్లిపోయింది.

డ్యూటీ కాగానే శైలేందర్ ఎల్‌బీ నగర్ పోయాడు. బావ ఒక గిరాకీతో మాట్లాడుతున్నాడు. ఆ మనిషి వెళ్లిపోయేదాకా ఎండలో నిలబడ్డాడు.

"బావా, తప్పైంది. నువ్వు మార్వలేదు తలుపు. నాకు తెల్సు."

యోగేందర్ అనుమానంగా చూశాడు. "మొన్న నేనే మార్సిన అన్నవ్. ఇయ్యాల మార్వలేదంటున్నవ్. ఎట్ల తెల్సింది?"

"తెల్సింది. గంతే."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే."

"ఎవ్వరు చెప్పకుంట తెల్సిందా? అయితే నువ్వే ఏదో చేసినవ్. ఆ ముసలాయన తలుపు నీ షెడ్డుల మార్సినవా ఏంది?"

"ఒక్క పూటల తలుపు ఎట్ల మారుస్త బావా, నాకు బోల్టు విప్పుడు గూడ రాదు!"

"మరి జెర చెప్పు! నన్ను దొంగనన్నందుకన్న చెప్పు."

దొంగ అన్నప్పటికన్నా, కాదు అన్నప్పుడే బావకు ఎక్కువ కోపం వచ్చింది. నిజం తెలియనప్పుడు తను వాగాడు, తెలిశాక మూగవాడయ్యాడు. ఇదేం తిరకాసో అర్థం కాలేదు. "రేపు పదకొండింటికి నేను గూడ ఒస్త," అని మాత్రం చెప్పి బయటపడ్డాడు. ఆ సాయంత్రం వాణి గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు. ఆమె, "మీ ఇంటోళ్లందరికి ఏదో గాలి సోకింది," అని ఊరుకుంది.

బుధవారం పదిన్నరకు సెంటర్‌లో పర్మిషన్ అడిగి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాడు. మూడు స్టేషన్ల దూరం. చివరి స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వచ్చేసరికి యోగేందర్ ఆ కారు కొన్నప్పటి కాగితాలూ, ఫోటోలూ బల్ల మీద పేర్చుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అఖిల కూడా వచ్చింది. తమ్ముణ్ణి చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

పదకొండు దాటి పావుగంట అయింది. ఫ్లైఓవర్ కింద నుంచి తెల్ల కారు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా మలుపు తిరిగింది. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. కారు తొందరపడలేదు. ఇండికేటర్ వేసి, జాగాలోకి వచ్చి, రెండు కార్ల మధ్య తిన్నగా నిలబడింది. డ్రైవర్ సీట్లోంచి సంధ్యారాణి దిగింది. పక్క సీట్లో భానుమూర్తి గారు పైన పిడి పట్టుకున్న చెయ్యి ఇంకా వదలలేదు.

ఆవిడ తిన్నగా యోగేందర్ దగ్గరికి వచ్చింది. "నమస్కారమండీ. ఆ తలుపు మీ దగ్గర కొన్నాక నేను మార్పించాను. మావారికి ఇందాక బయల్దేరేముందు చెప్పాను. ఆయన మిమ్మల్ని అన్న మాటలకి నన్ను క్షమించాలి."

యోగేందర్ చేతిలోని ఫోటోలు చేతిలోనే ఉండిపోయాయి. ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నాడో! ఇప్పుడు వాటిని ఏం చేసుకోవాలో తెలియనట్టు ఆవిడ వంకా, కారు వంకా, శైలేందర్ వంకా చూశాడు. "అయ్యో, గంత మాటెందుకమ్మా," అన్నాడు చివరికి. అఖిల లేచి ఆవిడకు కుర్చీ వేసింది.

భానుమూర్తి గారు దిగాడు. కారు చుట్టూ తిరుగుతూ ఒక్కో తలుపు మీద వేలి కణుపులతో టకటక కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ముందుది. వెనకది. అటు తిరిగి ఎడమ ముందుది. చివరికి ఆ తలుపు. మళ్లీ మొదటి దాని దగ్గరికి పోయి మళ్లీ కొట్టాడు.

"అన్నీ ఒకేలా మోగుతున్నాయే," అన్నాడు శైలేందర్‌తో. ఆయన గొంతులో కోపం లేదు. ఇంట్లో దారి తప్పిన మనిషి గొంతులా ఉంది. "పది నెలలు. రోజూ గుడ్డ పెట్టి తుడిచాను. కూరగాయల సంచీ ఆ తలుపులోంచే పెట్టేవాణ్ణి. నాకెందుకు తెలియలేదంటావు?"

"నాకు గూడ మిషను పెట్టేదాక తెల్వలే సార్."

"నీ సంగతి వేరయ్యా. నువ్వొక్క పూట చూశావు." ఆయన భార్య కూర్చున్న వైపు చూశాడు. ఆవిడ అఖిలతో ఏదో చెబుతోంది, చేతులతో స్టీరింగు తిప్పుతున్నట్టు. "లైసెన్సు కూడా ఉందిట. ఎప్పుడు తెచ్చుకుందో! ఇందాక హైవే మీద లారీని దాటిందయ్యా. నేను కళ్లు మూసుకున్నాను." కళ్లజోడు సర్దుకుని, "బాగానే దాటింది," అన్నాడు.

యోగేందర్ చాయ్ తెప్పించాడు. అందరూ తాగారు. తలుపుకు సరిగ్గా రంగు వేయించాలని భానుమూర్తి గారూ, బక్కయ్య చేత వేయిద్దామని శైలేందరూ అనుకున్నారు. వెళ్లేటప్పుడు ఆయన అలవాటు కొద్దీ డ్రైవర్ సీటు వైపు నడిచి, అక్కడ ఆగి, భార్యను చూసి, చుట్టూ తిరిగి రెండో వైపుకు పోయాడు. ఆవిడ తాళాలు ఆయనకు ఇవ్వబోయి, ఆయన అటు వెళ్లడం చూసి, తనే కూర్చుంది. ఇద్దరికిద్దరూ తికమకపడుతూనే వెళ్లిపోయారు.

అక్క ఆ సాయంత్రమే ఫోన్ చేసి మాట్లాడింది. "నీకు ముందే తెల్సా?" అని అడిగితే శైలేందర్ ఊకొట్టాడు. "మంచిగ చేసినవో చెడ్డగ చేసినవో నాకు తెలుస్తలేదు," అందామె.

బావ మాత్రం ఫోన్ చేయలేదు. ఒక వారం, రెండు వారాలు. బక్కయ్య తలుపు గీకి, అడుగు పూత నుంచి మొదలుపెట్టి రంగు వేశాడు. శైలేందర్ ఒక మీటర్ కొన్నాడు. అయినా దాని కన్నా ముందు పట్టీలు లేపి చూడటమే అతనికి అలవాటైపోయింది. వాణి ఆ బోర్డు కింద 'కార్లు కడుగబడును' అని ఇంకో వరస రాయించింది. అతను వద్దనలేదు. బావకు తనే చేద్దామని ఫోన్ తీసి, ఏమని మొదలుపెట్టాలో తెలియక చాలాసార్లు పక్కన పెట్టాడు. నిజం తెలిసి దాచింది కూడా తప్పేనా? దాచకపోతే అది ఇంకో తప్పయ్యేది కాదా? సెంటర్‌లో సూది గుచ్చుతూ గుచ్చుతూ అదే ఆలోచన.

మార్చి ఆఖరున ఒక మధ్యాహ్నం ఎవరో డ్రైవరు బూడిదరంగు కారొకటి తెచ్చి షెడ్డు ముందు నిలిపాడు. "యోగేందరన్న పంపిండు. పాలిష్ చెయ్యమన్నడు," అని తాళాలిచ్చి పోయాడు. శైలేందర్ తలుపులన్నీ చూశాడు. బాగున్నాయి. బానెట్ మీద మీటర్ పెడితే అంకె మామూలుకు రెండింతలు చూపించింది. ఇంకో చోట పెట్టాడు. అంతే. బానెట్ ఎత్తి అంచు కింద వేలు పోనిచ్చాడు. గరుకుగా తగిలింది. కొత్త రంగు.

ఈసారి ఆలోచించకుండా ఫోన్ చేశాడు.

"బావా, బానెట్‌కు మల్ల రంగేసిండ్రు. గిరాకీకి చెప్పినవా?"

అవతల హారన్ల మోతే వినబడింది. తర్వాత యోగేందర్ నవ్వాడు. నెల తర్వాత విన్న నవ్వు.

"చూస్తవా చూడవా అని పంపిన."

"నిజంగనా బావా? లేకపోతే నేను చూడననుకున్నవా?"

"ఏదనుకుంటే అది. ఆదివారం అక్క తలకాయ కూర వండుతదట. వాణిని తీసుకొని రా," అని పెట్టేశాడు.

శైలేందర్ ఫోన్ జేబులో పెట్టుకుని బానెట్ వంక చూస్తూ నిలబడ్డాడు. బావ తనను పరీక్షించాడో, పట్టుబడ్డాడో తేలలేదు. వాణిని పిలిచి ఆదివారం భోజనానికి పోవాలని చెప్పి, నీళ్ల పైపు విప్పాడు.